నాలుగు చక్రాలనూ పట్టే బ్రేకు

మా మామగారు జీపు కొన్నప్పటి నుంచి మా ఇంట్లో దేవుడి పేరు కంటే దాని చేతి బ్రేకు పేరే ఎక్కువగా వినిపించేది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండి అది. గండికోట దగ్గర మా పల్లెలో అదొక్కటే మోటారు. "ఈ పిడి లాగితే నాలుగు చక్రాలూ కరుచుకుంటాయప్పా, ఏనుగు తోసినా కదల్దు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. మా ఊళ్ళో ఏనుగు లేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఏటవాలులో బండి ఆపితే చక్రం వెనక రాయి పెట్టాలని మా సీమలో అందరికీ తెలుసు. మాకు వానలకు కరువు గానీ రాళ్ళకు లేదు. కానీ జీపు వెనక రాయి పెడితే మామగారికి తల తీసేసినట్టుండేది. "ఇదేమన్నా ఎద్దుల బండా?" అనేవారు.

నాకు తొమ్మిదో నెల వచ్చింది. తొలి కాన్పు. ఆలూరు దగ్గర మా పుట్టింటికి పోవాలి. మా నాయన వచ్చి తీసుకుపోతానంటే మామగారు ఒప్పుకోలేదు. ఇంట్లో జీపు పెట్టుకొని కోడలిని ఎద్దుల బండిలో పంపితే పరువేం కావాలి?

మా అత్తగారికి వేరే పట్టుదల ఉంది. మంచి గడియలో గడప దాటిన కడుపుతో ఉన్న కోడలు మళ్ళీ పుట్టింటి వాకిట్లోనే కాలు నేల మీద మోపాలట. మధ్యలో దిగితే బిడ్డకు మంచిది కాదట. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గానీ, తొమ్మిదో నెల కడుపుతో గతుకుల దారిలో ఒంటికి పోకుండా బిగబట్టుకొని కూర్చోలేదని మాత్రం ఖాయంగా చెప్పగలను.

మా ఆయన బండి తోలుతున్నారు, పక్కన మామగారు, వెనక నేనూ అత్తగారూ. ఒక కొండ ఎక్కుతుండగా వెనక చక్రం గాలి పోయింది. మామగారు స్వయంగా, హారతి ఇచ్చినంత భక్తిగా, చేతి బ్రేకు పిడి లాగి దిగారు. మా ఆయన దిగి ఒక రాయి ఎత్తారు. మామగారు చూశారు. మా ఆయన రాయి కింద పడేశారు. అంత ధైర్యవంతుడు ఆయన.

"దిగుతానత్తా" అన్నాను.

"వద్దమ్మీ. బిడ్డ బాగుండాలని లేదా నీకు?" అని చెప్పి, నడుం పట్టేసిందని తాను దిగారు. పద్ధతి కోడళ్ళకే గానీ అత్తలకు లేదు కదా!

మా ఆయన జాకీ పెట్టి తిప్పుతున్నారు. గాలి పోయిన చక్రం నేల విడిచిందో లేదో, జీపు మెల్లగా వెనక్కి జరిగింది. వెనక వాగులాంటి వంక ఉంది. దాని లోతు నాకు కూర్చున్నచోటికే కనబడుతోంది. ఇంతలో జాకీ ఒరిగిపోయి, బండి వెనక భాగం ధబ్బున నేలకు కొట్టుకొంది. నేను ఎగిరి సీటు ఇనుప అంచు మీద పడ్డాను. జీపు ఆగిపోయింది.

మామగారి నోట వచ్చిన మొదటి మాట: "చూసినారా, బ్రేకు పట్టుకొనింది!"

తర్వాత మా ఆయన బండి కిందికి దూరి చూసి నాకు చెప్పారు. ఆ బ్రేకు చక్రాలను పట్టుకోనే పట్టుకోదు. వెనక చక్రాలను తిప్పే ఇనుప కడ్డీని పట్టుకుంటుంది. రెండు చక్రాలూ నేల మీదుంటే బండి కదలదు. ఒకటి గాల్లోకి లేచిందంటే అది ఒక వైపు, నేల మీదిది ఇంకో వైపు తిరిగిపోతాయి. మధ్యలో కడ్డీ మాత్రం బుద్ధిగా కదలకుండా ఉంటుంది. ముందు చక్రాలను కూడా కలిపే గేరు కర్ర ఒకటుంది. అది వేసుంటే అవి ఆపేవి. పెట్రోలు ఎక్కువ తాగుతుందని మామగారు దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవారు కారు. నాలుగు చక్రాల గొప్ప ఊరంతా చెప్పి, రెండింటితో నడుపుకొనేవాళ్ళం. జాకీ పడిపోయి చక్రం మళ్ళీ నేలకు తగిలాకే బ్రేకుకు తన పని గుర్తొచ్చింది.

అప్పుడు ఇదంతా నాకెక్కడ పట్టింది? కడుపు మీద చెయ్యి వేసుకొని చూశాను. పొద్దున్నుంచి తన్నుతూనే ఉన్న బిడ్డ కదలడం లేదు. అంత భయం నేను జన్మలో మళ్ళీ ఎరగను. ఎవరినీ అడగకుండా దిగి, నేల మీద కాలు పెట్టి, దారి పక్కన బండ మీద కూర్చున్నాను.

"అత్తా, బిడ్డ కదల్లేదత్తా."

దిగినందుకు తిడతారనుకున్నాను. ఆమె వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూలబడి నా కడుపు మీద చెయ్యి పెట్టారు. అవతల తండ్రీకొడుకులు జాకీ తప్పా, దారి తప్పా అని వాదించుకుంటున్నారు.

"నోరు మూసుకోండి ఇద్దరూ!" అని అరిచారు అత్తగారు. మామగారిని ఆమె అంత మాట అనడం అదే మొదలు. ఆయన నిజంగానే మూసుకున్నారు.

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. ఆమె అరచేతి కింద బిడ్డ ఒక్కసారి గట్టిగా తన్నింది.

"యాడికి పోయింటివే ఇంతసేపూ!" అని కడుపులోని బిడ్డను తిడుతూ అత్తగారు ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. తర్వాత ఆమె లేచి, ఒక్కతే ఒక పెద్ద రాయి ఎత్తుకొచ్చి జీపు చక్రం వెనక పెట్టారు.

బిడ్డ క్షేమంగా పుట్టింది. రెండో కాన్పుకు మళ్ళీ జీపులోనే బయలుదేరాం. ఈసారి నాకంటే ముందు పసుపు రాసి కుంకుమ పెట్టిన రాయి ఒకటి బండెక్కింది.

"బండి యాడ ఆగినా ముందు రాయి దిగాల, ఆ వెనక కోడలు దిగాల" అన్నారు అత్తగారు. "మన ఇండ్లల్లో తాతల కాలం నుంచీ ఇదే పద్ధతి."

"అవునత్తా" అన్నాను.

మామగారు ఆలూరు చేరేదాకా ఆ రాయి దొర్లకుండా రెండు పాదాల మధ్య పట్టుకొని కూర్చున్నారు.