షంషాద్ మిషనుకు నూట పది వోల్టులు

కరోనా సద్దుమణిగిన ఏడాది. కదిరిలోని నా మోటారు వైండింగ్ షాపుకు షంషాద్ అనే ఆమె దుప్పట్లో చుట్టిన ఎంబ్రాయిడరీ మిషను తెచ్చింది. సౌదీలో ఎనిమిదేళ్లు ఇంటిపని చేసి తిరిగొస్తుంటే ఆ ఇంటావిడ ఇచ్చిందట. వెంట ఆమె అన్న జిలాని ఉన్నాడు.

లేబుల్ చూశాను. 110 వోల్టులు, 100 వాట్లు. మన ప్లగ్గులో వచ్చేది 230. నేరుగా పెడితే మాడిపోతుంది.

"ముగ్గురు మెకానిక్కులు కాదన్న్యారు. పాతసామాన్లకు వేసేయమంటే యినదు. మళ్ళా వీసాకు మాట్లాడినా" అన్నాడు జిలాని.

"నేను పోను. ఒకరింట్లో గిన్నెలు తోమేది అయిపాయ. ఈ మిషను తిరగల్ల అన్నా, అంతే" అంది షంషాద్ నా వైపు తిరిగి.

'కాదు' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వోల్టేజి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడానికి పూనుకున్నాను. అది ఎంత కరెంటు లోడు మోయగలదో వీఏలలో చెబుతారు. మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కనుక మూడు వందల వీఏ పెట్టాను. షాపులోనే ఒక పువ్వు కుట్టించి పంపాను.

మూడో రోజు జిలాని వచ్చాడు. "పదకొండైతే ఆగిపోతాండాది. నేను ముందే చెప్పినా కదా."

మీటరు తీసుకుని వాళ్ల పల్లెకు పోయాను. పదిన్నరకు ప్లగ్గులో 225 ఉంది. పదకొండుకు పొలాలకు త్రీఫేజ్ కరెంటు వచ్చింది. ప్రతి బోరుకూ కరెంటు రాగానే దానంతటదే మోటారు తిప్పే ఆటో స్టార్టర్ ఉంది. అన్నీ ఒక్కసారే లేచాయి. మీటరు 165కు పడిపోయింది. స్టెప్‌డౌన్ వచ్చినదాన్ని సగం చేస్తుందే తప్ప లేనిది ఇవ్వదు; మిషనుకు ఎనభై కూడా అందలేదు.

"ఆ యాళకు ఫ్యాను గూడా నీరసపడ్తాదన్నా. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అంది షంషాద్.

సిగ్గేసింది. లో వోల్టేజికి కాలిన బోరు మోటార్లు చుట్టే కదా ఇన్నేళ్లు నేను బతికింది. టౌను కరెంటుతో పరీక్షించి పల్లెకు పంపాను.

మర్నాడు వాళ్లింట్లో ప్లగ్గుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మధ్య తక్కువ వోల్టేజిని పైకెత్తే స్టెబిలైజర్ పెట్టి, ముగ్గురం గడియారం చూస్తూ కూర్చున్నాం. పదకొండైంది. ఫ్యాను నెమ్మదించింది. సూది మాత్రం ఆగలేదు. జిలాని ఫోను తీసి, వీసా ఏజెంటుకు కలిపి చెల్లెలి చేతికిచ్చాడు.

"నేను రాలేను భాయ్, ఈడ పనుండాది" అంది ఆమె, చేతికింది గుడ్డ జరుపుతూనే.

అప్పటినుంచి లేబుల్ ఒక్కటే చూసి ట్రాన్స్‌ఫార్మర్ ఎంచను. ఆ ఇంటికి పోయి, బోర్లు తిరిగే వేళ ప్లగ్గులో కొలుస్తాను. ఎవరైనా కాదంటే, కొలిచే అన్నావా అని అడుగుతాను.