పెద్దమ్మ పట్టుబట్టి కట్టించిన పాయఖానా

మా పెద్దమ్మ రాజమణి అరవైతొమ్మిదిలో వరంగల్ హాస్టల్లో ఉండి చదువుకునేది. తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడగానే పెట్టె సర్దుకుని పుట్టిల్లు చిల్పూరుకు వచ్చేసింది. అవి మళ్లీ తెరిచేలోపే పెళ్లయింది. మరిపెడలో మిర్చి వ్యాపారం చేసే చంద్రమౌళి ఇంటికి కోడలై వెళ్లింది. చదువు ఆగినందుకు ఏడ్చిందట గానీ, అంతకన్నా పెద్ద బాధ ఇంకోటని మాతో నవ్వుతూ చెప్పేది.

"హాస్టల్ల తలుపున్న పాయఖానా ఉండె బిడ్డా. ఈడికొస్తే చెరువెనుక తుమ్మచెట్లే దిక్కాయె."

తెల్లవారకముందే చెంబు పట్టుకుని వాడకట్టు ఆడవాళ్లతో కలిసి వెళ్లాలి. సైకిల్ చప్పుడు వినపడితే అందరూ లేచి నిలబడాలి. పొద్దెక్కాక కడుపునొప్పి వస్తే చీకటి పడేదాకా ఓర్చుకోవాలి. అట్లా ఏళ్లు గడిచాయి.

ఎనభై రెండులో పెద్దబాపు చంద్రమౌళి కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. దేవుని అర్ర, మిర్చి బస్తాలకు గది, బజారు వైపు పదిమంది కూర్చునే అరుగు, అన్నీ ఆయన అనుకున్నవే. పెద్దమ్మ అడిగింది మాత్రం ఒక్కటే.

"పాయఖానా కట్టియ్యాలె."

ఆ మాట వినగానే అత్త చిలుకమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది. "వండుకునే ఇంట్ల గదేం పని పిల్లా? కంపు కొడితే దేవుడుంటడా?"

పెద్దమ్మ జనగామలో ఒక ప్రదర్శనలో రెండు గుంతల పాయఖానా చూసి వచ్చింది. ఒక గుంత నిండితే దాన్ని మూసి రెండోది వాడాలి. మూసిన గుంతను రెండేళ్లు కదపకుండా ఉంచితే అందులోది ఎరువైపోతుంది. కంపు ఉండదని ఎంత చెప్పినా అత్త నమ్మలేదు. పెద్దబాపు మాత్రం పెరట్లో ఓ మూలకు కట్టుకొమ్మన్నాడు.

పంచాయతీ పర్మిషన్ ఇచ్చే ముందు సమితి నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టర్ శ్రీపాల్ చూడటానికి వచ్చాడు. ముగ్గు పోసిన చోట నిలబడి పెరటి గోడ అవతలికి తొంగి చూశాడు. అక్కడే వాడకట్టంతా తాగే మంచినీళ్ల బావి.

"అమ్మా, గీడ తవ్వొద్దు. బాయికి గింత దగ్గర గుంత ఉంటే నీళ్లు కరాబైతయి. ఇంకో జాగ సూడుండ్రి, లేకుంటే పర్మిషన్ రాదు."

పెద్దమ్మకు ముందు కోపం వచ్చింది. కానీ ఆ బావి నీళ్లు తను కూడా తాగేవే. బావికి దూరంగా ఇంకెక్కడ జాగా ఉందా అని ఇల్లంతా తిరిగి చూసింది. అరుగు కోసం వదిలిన మూల ఒక్కటే దొరికింది.

"బజారు మొఖాన పాయఖానానా? ఊరంత నవ్వుతది!" పెద్దబాపు గొంతు పెంచాడు.

"నవ్వనీ. చెంబు పట్టుకొని నేను పోతుంటె గా బజారే సూస్తలేదా?"

ఆయన బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి మేస్త్రీతో, "అరుగు జర చిన్నగ కట్టు" అన్నాడు. శ్రీపాల్ మళ్లీ వచ్చి దూరం కొలిచి ఒప్పుకున్నాడు.

చిలుకమ్మ చాన్నాళ్లు అటు తొంగి కూడా చూడలేదు. ఓ వానాకాలం మోకాలు వాచి అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. కోడలి భుజం పట్టుకుని ఆ పాయఖానాకే వెళ్లొచ్చి, "గా తాళంచెవి నాకొకటియ్యి" అంది. ఆ తర్వాత వాడకట్టులో కడుపుతో ఉన్నవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు వస్తే ఆమే తలుపు తీసేది. నీళ్లు సరిగ్గా పోయకపోతే తిట్టేది.

నిండాక మూసిన మొదటి గుంతను రెండేళ్లు ఆగి ఎనభై ఏడు ఎండాకాలంలో తెరిచారు. సెలవులకు వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. ఎవరినైనా పిలుద్దామని పెద్దబాపు అంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"మనది మనమే తీసుకోవాలె. ఇంకొకలెందుకు తియ్యాలె?"

కొంగు నడుముకు దోపి, గడ్డపారతో బండ లేపి పార అందుకుంది. ముక్కు మూసుకుని నిలబడ్డ మాకు కనిపించింది నల్లటి పొడి మట్టి. వాసనే లేదు. అరుగు మీంచి చూస్తున్న పెద్దబాపు దిగివచ్చి ఆమె చేతిలోని పార తీసుకున్నాడు. ఆ ఎరువును పెరట్లో బంతి మడులకు వేశారు.

బతుకమ్మ పండుగ నాటికి పెరడంతా పసుపుపచ్చగా పూసింది. పూలగంప ముందు పెడితే చిలుకమ్మ చాలాసేపు ముట్టుకోలేదు.

"గౌరమ్మకు పెట్టొచ్చంటవా?" మెల్లగా అడిగింది.

"నువ్వే చెప్పు అత్తమ్మా" అంది పెద్దమ్మ.

ముసలామె ఒక పువ్వు తీసి వాసన చూసింది. తర్వాత తాంబాలం దగ్గరికి లాక్కుని వరుసలు పేర్చడం మొదలుపెట్టింది. ఆ ఏడు పెద్దమ్మ వాళ్ల వాడకట్టులో అంత ఎత్తు బతుకమ్మ ఇంకొకటి లేదు. దారిలో ఎవరో పూలు ఎక్కడ కొన్నారని అడిగారు.

"కొనుడేంది, మా ఇంట్ల పూసినయి" అని చిలుకమ్మ బజారంతా వినపడేటట్టు చెప్పింది.