అట్టమీద సిలువ

పాత ఇంగ్లాండు దెయ్యాల సినిమాలంటే నాకు పిచ్చి. పొగమంచు, పాడుబడ్డ కోట, శవపేటికలోంచి లేచొచ్చి రక్తం తాగే దొర. నాలాంటి పిచ్చోళ్లం అరడజను మందిమి కలిసి తెలుగులో ఓ చిన్న పత్రిక తెస్తాం. కాగితాలు మడిచి పిన్ను కొట్టి, పోస్టులో పంపుకుంటాం. కాపీలు తీయించేది ఆమదాలవలస స్టేషను దగ్గర జిరాక్సు షాపులో.

ఈసారి వ్యాసం నాది. ఆ సినిమాల్లో ఓ రూలుంది, ఇంట్లోవాళ్లు రానిస్తేగానీ దొర గడప దాటలేడు. నాకేం పోయేకాలమో, ఇలా రాశాను: "మా ఇంటి దొరకి ఆ రూలు లేదు. అమ్మ గడియ పెట్టినా ఎలాగో లోపలికొచ్చి కొట్టేవాడు. నేను బియ్యం డ్రమ్ము వెనక చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. మర్నాడు అమ్మ, నూతి దగ్గర జారిపడ్డానని అందరికీ చెప్పేది." పేర్లు రాయలేదులే, చదివేది ఎక్కడెక్కడి వాళ్లో కదా అనుకున్నాను.

ఆ దొర మా నాన్న. మా చర్చిలో సంఘ పెద్ద. పోయి ఆరేళ్లయినా ఆయన మాటొస్తే జనం కళ్లొత్తుకుంటారు. నూతి కథ మాత్రం అమ్మ ఇప్పటికీ వదల్లేదు.

గుడ్ ఫ్రైడే పొద్దున జిరాక్సు షాపాయన ఫోన్ చేశాడు. "పాపా, మీ సర్సి పాటల పుస్తకాల్తో పాటు నీ పుస్తకాలు కూడా సర్సికే పంపించీసినాను. అట్టమీద సిలువుంది గదా, అవీ మీవోళ్లవే అనుకున్నాను."

అట్టమీద ఉన్నది దొర మొహానికి సిలువ చూపిస్తున్న పిల్ల! కొరివితో తల గోక్కున్నాను. ఆటో ఎక్కి చర్చికి పరిగెత్తాను. అప్పటికే చాపల మీదా బెంచీల మీదా పరిచేశారు. ఒక్కొక్కటే ఏరుకున్నాను. ముప్పై వేయిస్తే ఇరవై తొమ్మిది దొరికాయి.

ముప్పయ్యోది ముందు వరస చాప మీద అమ్మ చేతిలో ఉంది. కళ్లజోడు పెట్టుకుని, నా పేజీయే తీసి చదువుతోంది.

సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించారు. మూడు గంటలు. ఒక్క ముక్క నా చెవికెక్కితే ఒట్టు. అమ్మ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఇంక జన్మలో నా మొహం చూడదని నాకు చచ్చేంత భయం. పక్కావిడ అమ్మ ఒళ్లోకి తొంగిచూసినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది.

ఇంటిదాకా నడిచాం. గుమ్మం దగ్గర తాళం తీస్తూ అమ్మ ఆగింది.

"బాగానే రాసినావు. ఒక్కటే తప్పు."

"ఏటమ్మా?"

"నువ్వు సెవులు మూసుకునీదానివి, నీకు తెల్దు. తలుపు బాదితే నలుగురూ ఇంటారని, గడియ నానే తీసీదాన్ని."