గల్లీ చివరి నల్లా

వార్డు సభలో నేను లేచి నిలబడగానే ఆఫీసరు చెమటలు తుడుచుకున్నాడు, గల్లీ మొత్తం చప్పట్లు కొట్టింది. టీ బండి దగ్గర నేను ఇలాగే చెబుతుంటాను.

మా గల్లీ అంతటికీ ఒక్కటే నల్లా, అదీ చివరి మలుపులో. తెల్లారకముందే బిందెలు వరుసలో కూర్చుంటాయి. బిందె ఇంకా తేనివాళ్లు ఒక చెప్పు విడిచి జాగా పట్టుకుంటారు. ఈసారి ఇంటింటికీ పైపు వేస్తామన్నారు. తీరా సభలో ఆఫీసరు తెర మీద రెండు గీతలు చూపించాడు. పాత సర్వేది పొట్టి, కొత్తది పొడుగు.

“ఇక్కడ నల్లా నీళ్లున్న ఇండ్లు మస్తు పెరిగినయి. ఇగ పైపు పక్క కాలనీకి ఇస్తం” అన్నాడు.

మా ఇంట్లో చుక్క పెరగలేదు. బిందెలు మోసి మోసి మా ఆవిడ మోకాళ్లు మాత్రం అరిగాయి.

“సారూ, పాత సర్వేల ఏమడిగిన్రు?” అంటూ లేచాను.

“ఇంటి లోపట నల్లా ఉన్నదా అని.”

“మరి ఇప్పుడు?”

“నల్లా నీళ్లు వాడుతున్నరా అని. గల్లీ నల్లా అయినా లెక్కకొస్తది పెద్దాయనా. రూల్ మారింది.”

“రూల్ మారితే నల్లా నడిచి మా ఇంట్లకొచ్చిందా? పోయినేడు పోరణ్ణి నేల మీద నిలబెట్టి కొలిచి, ఈయేడు స్టూలెక్కించి కొలిచి, పెరిగిండంటే ఎవడొప్పుకుంటడు? రెండుసార్లూ ఒక్కటే అడుగున్రి. అందాక మా పైపు ఎటూ పోదు.”

నిజానికి ఆ చెమట రేకుల షెడ్డు వేడికి పట్టింది. చప్పట్లు కొట్టింది పక్కింటాయన ఒక్కడే, ఆయనకు సరిగ్గా వినపడదు. అయినా నేను అన్నమాట వెనక్కి తీసుకోలేదు, సభ ముగిసినా కుర్చీ వదల్లేదు. చివరికి పాత ప్రశ్నతోనే ఇంటింటికీ మళ్లీ మనిషిని పంపుతానని, అప్పటిదాకా పైపు మార్చనని ఆఫీసరు ఒప్పుకున్నాడు.

గడపలో నిలబడ్డ మనిషితో ‘మా దగ్గర లేదు’ అనడం మావాళ్లకు నామోషీ. సభకు ముందు జరిగిన ఆ కొత్త సర్వేలో అందరూ అవునంటే అవునన్నారు. నేనొక్కణ్ణే ‘మా ఇంట్ల నల్లా లేదు’ అని తెగేసి చెప్పాను. టీ బండి దగ్గర చెప్పే ఈ ముచ్చటను ఇక్కడిదాకా కాగితం మీద రాసి ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ చెరుగుతున్న చాట ఆపింది.

“ఎవలు లేదన్నది? ఆ సర్వే పిల్లకు స్టీలు గిలాసల నీళ్లిచ్చి, మా నల్లా నీళ్లు కొబ్బరినీళ్ల లెక్కుంటయి, జర తాగి రాసుకో బిడ్డా అన్నది నువ్వే. మళ్లొస్తె నువ్వు లోపట్నే కూసో. నేను చెప్త.”