కల్లంలో కూర్చున్న మాస్టారు

మా వాలీబాల్ మాస్టారు పోయారు. ఆయన పెద్దకోడలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను కనిగిరి దగ్గర మా హైస్కూలు గ్రౌండులో తెగిన నెట్టుకు ముడులు వేస్తున్నాను. ఫోను పక్కన పెట్టి మిగతా ముడులు కూడా వేశాను. వెంటనే లేవడానికి ఓపిక లేకపోయింది.

నేను దర్శిలో వాళ్లింటికి చేరేసరికి మగవాళ్లు ఆయన్ని ఖబరస్తానుకు తీసుకెళ్లిపోయారు. వసారాలో ఆయన భార్య పక్కన కూర్చున్నాను. "నిన్ను తలుచుకునేవారమ్మా. రోజూ కాదులే, అప్పుడప్పుడూ" అంది ఆవిడ. ఆ ఇంట్లో ఎవరికీ పైపై మాటలు రావు.

మీలో చాలామందికి ఆయన తెలియరు. నేను చదివిన ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీగా చేరి అక్కడే రిటైరయ్యారు. మేము కిందపడితే మోకాళ్లు దోక్కుపోకుండా పాత సైకిలు ట్యూబులు కోసి కట్టేవారు. రంజాన్ నెలలోనూ ప్రాక్టీసు మానేవారు కాదు. పొద్దుగూకాక ఉపవాసం విడవడానికి తెచ్చుకున్న ఖర్జూరాలు ముందు మాకు పంచి, ఆ తర్వాతే తాను నోట్లో వేసుకునేవారు. "ఎగిరింది మీరు. నేను కూర్చునే ఉన్నాగా" అనేవారు.

ఆయన అసలు పని గ్రౌండు బయట ఉండేది. మా వైపు పదో తరగతి పరీక్షలు కూడా కాకముందే రెసిడెన్షియల్ కాలేజీల మనుషులు ఇళ్ల చుట్టూ తిరిగి పిల్లల్ని ఖరారు చేసుకుంటారు. ఆ కాలేజీలు అపార్టుమెంట్లలో ఉంటాయి. బంతి ఎగరేస్తే ఫ్యానుకు తగులుతుంది. అందుకని మాస్టారూ ఆ రోజుల్లోనే బాగా ఆడే పిల్లల తల్లిదండ్రుల దగ్గరికి బయలుదేరేవారు. అది మిరపకాయల కాలం, ఇళ్లలో ఎవరూ ఉండరు. ఆయన తిన్నగా కల్లంలోకి వచ్చి, రైతు పక్కన గొంతుక్కూర్చుని, ఎండిన కాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ మాట మొదలుపెట్టేవారు. పని చేస్తున్న మనిషిని ఎవరూ లేచి పొమ్మనరని ఆయన నమ్మకం.

మా నాన్న దగ్గరికీ అలాగే వచ్చారు. ఆ ఏడు ధర పడిపోయి నాన్న మహా చిరాకుగా ఉన్నాడు. నన్ను తాడేపల్లిలో ఒక హాస్టల్లో వేద్దామని నిశ్చయించుకున్నాడు.

"ఆడపిల్ల, పదో తరగతి దాకా ఎగిరింది చాల్లే మాస్టారూ" అన్నాడు.

"చదువు పదితో ఆపట్లేదు గదన్నా. ఆటెందుకు ఆపడం?"

"ఆడితే ఏమొచ్చిద్ది?"

మాస్టారు పతకాల మాట ఎత్తలేదు. "ఒంగోల్లో గ్రౌండున్న జూనియర్ కాలేజీ ఉంది. అక్కడ జట్టులో ఆడొచ్చు. డిగ్రీకొస్తే యూనివర్సిటీ జట్టుంది, కోటా సీటుంది. మాలాగా పీఈటీ చదువుంది. ఏ జట్టులోనూ తీసుకోలేదనుకో, సాయంత్రం కాసేపు ఊరికే ఆడుకునిద్ది. అదీ ఒక దారే" అన్నారు.

చెబుతూ చెబుతూ చెమట తుడుచుకోబోయి, ఆ చేత్తోనే కళ్లు నలుపుకున్నారు. ఇక చూడాలి, కళ్లు ఎర్రబడి, చెంపల మీద ధార. నీళ్లు తెచ్చింది నేనే. నాన్నకు మిరప పంట కొత్త కాదు, అది కారమని తెలియదా. అయినా మా పెదనాన్నలు వద్దన్నప్పుడల్లా, "మాస్టారంతటాయన కన్నీళ్లు పెట్టుకుంటే ఎట్టా కాదంటాను?" అనేవాడు. మాస్టారు ఆ మాటను ఎన్నడూ కొట్టెయ్యలేదు.

అలా నేను ఆడాను, పీఈటీనయ్యాను. ఆయనలాగే కల్లాల వెంట తిరిగాను. ఎవరూ వినరు. మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపిస్తారు. ఈ ఏడు ఇక తిరగకూడదనుకున్నాను. మా బళ్లో ఎడమచేత్తో సర్వీసు చేసే పిల్ల ఒకతి ఉంది. వాళ్ల నాన్న గుంటూరు హాస్టలుకు మాట ఇచ్చేశాడని తెలిసీ ఊరుకున్నాను. ఆ మధ్య మాస్టారిని చూడబోయినప్పుడు ఈ మాటే చెప్పాను.

"అలిసిపోయానండీ. ఎవరూ వినట్లేదు."

ఆయన మంచం మీద నుంచి నవ్వారు. "నా మాట మాత్రం ఎవరు విన్నారమ్మా? మీ నాన్నొక్కడే."

అన్నేళ్లు, అన్ని కల్లాలు తిరిగిన మనిషి. నేను ఆయన్ని చూడడం అదే ఆఖరు.

దర్శి నుంచి వచ్చిన మర్నాడు ఆ పిల్ల వాళ్ల కల్లానికి వెళ్లాను. వాళ్ల నాన్న పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతూ ఒంగోలు కాలేజీ సంగతి, యూనివర్సిటీ జట్టు సంగతి చెప్పాను. అతను వింటున్నాడో లేదో తెలియలేదు. "అదీ ఒక దారే" దగ్గరికి వచ్చేసరికి కళ్లు కారిపోతున్నాయి. నేను చెయ్యి కళ్ల దగ్గరికే తీసుకెళ్లలేదు.

అతను చేతిలో కాయలు కింద పెట్టాడు. "ఏడవబాకండి మేడంగారూ. ఆ కాలేజీ ఎక్కడన్నారు, మళ్లీ చెప్పండి" అన్నాడు.

కారం అని చెప్పబోయి మానేశాను. చేతులు ఎర్రగా ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు. కన్నీళ్లు అలాగే కారుతుండగా మొదటి నుంచి మళ్లీ చెప్పాను.