పుట్టని ముత్తాత

లేని మనిషిని ఒకణ్ణి నేను పుట్టించాను. పేరు పెట్టాను, ఇద్దరు కొడుకుల్ని ఇచ్చాను, చంపాను కూడా. అతడి మూలంగా, పెళ్లి చేసుకోవలసిన ఇద్దరు పిల్లలు అన్నాచెల్లెళ్లయ్యారు.

ఏళ్ల తరబడి ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆవిడకు కూడా. మీరెవరో నాకు తెలియదు గనక మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే మళ్లీ రేపు మొహం చూడాలి. నేను సీసం అక్షరాలతో బతికినవాణ్ణి. కూర్చిన పేజీని రెండు చేతులా ఎత్తితే ఎంత బరువుంటుందో నా భుజాలకు తెలుసు. దానికి దించే బల్ల ఉంటుంది. ఈ బరువుకు ఇన్నేళ్లుగా బల్ల దొరకలేదు.

నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. తర్వాత చదివిందంతా నారాయణగూడ గల్లీలో ఒక ప్రెస్సులో, చిక్కడపల్లి లైబ్రరీ బెంచీల మీద. ప్రెస్సులో నా పని పెళ్లి కార్డులు కూర్చడం. ఫలానావారి జ్యేష్ఠ పుత్రుడు, ఫలానా కీ.శే. గారి మనుమరాలు అంటూ ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చడం. ఎన్ని జిల్లాల ఇంటిపేర్లు నా వేళ్ల కిందినుంచి పోయాయో చెప్పలేను. ఏ ఇంటిపేరువాళ్లు ఎవరితో వియ్యమందుతారో, ఎవరు ఎవరికి పిల్లనివ్వరో, రాసిపెట్టుకోకుండానే తలలో నిలిచిపోయింది. నా జ్ఞాపకం మీద నాకు గర్వం. ఆ గర్వం ఒక్కటే నా సర్టిఫికెట్టు.

ఒకసారి పొరపాటున పెళ్లికొడుకు తాత పేరు ముందు కీ.శే. పడింది. మనిషి బతికే ఉన్నాడు. మర్నాడు కర్ర పొడుచుకుంటూ ఆయనే ప్రెస్సుకు వచ్చాడు.

"నన్ను సంపినోడు ఎవడు? జర మొఖం సూడనియ్యి" అన్నాడు.

ప్రెస్సంతా నవ్వింది. ఆయనా నవ్వి, చాయ్ తాగి పోయాడు. కార్డులన్నీ మళ్లీ వేశాం. అచ్చుతప్పు ఎంతటిదైనా దిద్దుకోవచ్చునని ఆ రోజు నాకు అర్థమైంది. తప్పుడు పాఠమేమో అది.

ప్రెస్సు మూతపడింది. వయసు మీదపడింది. చేతికి ఫోను వచ్చింది. మా ఇంటిపేరువాళ్లంతా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారని మా తమ్ముడి కొడుకు నన్ను అందులో చేర్చాడు. ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ పిల్లలిద్దర్నీ మీరు గంటలో వెతికి పట్టుకుంటారు. గ్రూపులో ఎవరికి తెలిసింది వాళ్లు పెట్టేవాళ్లు. తాతల పేర్లు, వదిలివచ్చిన ఊళ్లు, చెదలు తిన్న ఫోటోలు. అందరివీ కలిపి ఒక వంశవృక్షం గీయాలని కోరిక. నాకు ఎండిన చెట్టు మళ్లీ చిగురు పెట్టినట్టయింది. ఎవరు ఏ ఊరు గురించి అడిగినా, ఆ ఊరికి ఎప్పుడో కూర్చిన కార్డు కళ్లముందుకు వచ్చేది. చెప్పేవాణ్ణి. అవన్నీ నిజాలే. అందరూ తాతా, తాతా అనేవాళ్లు.

మాలో రెండు పాయలున్నాయి. జనగామ వైపువాళ్లు, మెదక్ వైపువాళ్లు. ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు. రెండు పాయలకూ మూలపురుషుడు ఒకడేనా? ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఇంటిపేర్లు ఊరిని బట్టి పుడతాయి, పనిని బట్టి పుడతాయి. పొత్తులేని రెండు ఊళ్లలో ఒకే పేరు పుట్టినా వింత లేదు. ఈ సంగతి నేను చదివి తెలుసుకున్నాను. తెలిసీ చేశాను.

గ్రూపు నడిపేది విద్యానగర్‌లో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్. రెండు పాయలూ ఒకటే అయ్యుంటాయని నేనొకరోజు అన్నాను. అందరి ముందు ఆయన ఇలా రాశాడు: "పెద్దాయనా, అక్షరాలు కూర్చుడు వేరు, వంశాలు కూర్చుడు వేరు. ఆధారం ఉంటె చెప్పు, లేకుంటె ఊకో."

దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

అప్పుడు నేను నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటల్లో కూర్చుని ఉన్నాను. చాయ్ మీద మీగడ కట్టింది. చెవులు వేడెక్కాయి. చదువు లేనివాడినని వెక్కిరించినవాణ్ణి ఈ రోజుకీ నేను వదల్లేను. చూడండి, నా తప్పు రాస్తానని కూర్చుని మళ్లీ ఆయన మీదికే పోతున్నాను. ఆయన అడిగింది ఆధారం. అడగడం నేరమా? ఆ గ్రూపు మొత్తంలో ఆ రోజు సరైన మాట అన్నవాడు ఆయనొక్కడే. అన్న తీరు పాడుది. మాట సరైనది. ఇది ఒప్పుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

వేళ్లు టైపు చేసుకుంటూ పోయాయి. వీరమల్లయ్య అనే ఆయనకు ఇద్దరు కొడుకులనీ, కరువు వచ్చి పెద్దవాడు జనగామ వైపు, చిన్నవాడు మెదక్ వైపు పోయారనీ, మా తాత చెప్పగా విన్నాననీ రాశాను. ఆ పేరు ఎక్కడిదంటారా? హోటలు ముందు ఆగిన ఆటో వెనక మల్లన్న బొమ్మ ఉంది. వీర అన్నది బరువు కోసం నేను తగిలించింది. ఇక మా తాత. నాకు ఊహ తెలియకముందే ఆయన పోయాడు. నాతో ఒక్క మాట మాట్లాడిన గుర్తు లేదు. నోరు లేని మనిషి చేత దొంగ సాక్ష్యం చెప్పించాను.

అందరికంటే ముందు లెక్చరరే కరిగిపోయాడు. "గింత సంగతి ఇన్నాళ్లు కడుపుల దాసుకున్నవా తాతా" అని దండం బొమ్మ పెట్టాడు. ఆ రోజంతా నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

కొన్నాళ్లకు ఎవరో, వాళ్ల నాయనమ్మ కూడా వీరమల్లయ్య పేరు తలిచేదని రాశారు. నిన్నగాక మొన్న చాయ్ హోటల్లో పుట్టినవాణ్ణి ఎప్పుడో పోయిన ముసలమ్మ ఎట్లా తలిచింది? ఆయన అబద్ధం ఆడుతున్నాడా? లేక నిజంగానే గుర్తొచ్చిందా? రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంకొకరు అతడికి భార్యను తెచ్చారు. ఇంకొకరు దొర మీద తిరగబడ్డాడన్నారు. పెత్రమాస నాడు, పోయిన పెద్దల పేరు చెప్పి పంతులుకు బియ్యమిస్తాం కదా, అతడి పేరు మీద బియ్యమిస్తున్న ఫోటో వచ్చింది. మనిషి రోజురోజుకూ పెరుగుతున్నాడు. ఫోను మోగితే అతడే మాట్లాడతాడేమోనని పిచ్చి భయం. దిద్దుదామని రోజూ అనుకున్నాను. ఎవరికేం నష్టం అని రోజూ సర్దుకున్నాను.

ఆ నష్టం ఒక మధ్యాహ్నం చిక్కడపల్లిలో మా గడప దగ్గర చెప్పులు విడిచింది.

ఆ పిల్ల పేరు మంజుల అనుకోండి. జనగామ వైపు పిల్ల. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. అదే కోచింగులో చదివే మెదక్ వైపు అబ్బాయిని శేఖర్ అనుకుందాం. ఇంటిపేరు ఒకటే కావడంతో టెస్ట్ పేపర్లు ఒకరివి ఒకరి చేతికి వచ్చేవట. అట్లా మాట కలిసింది, మనసు కలిసింది. గోత్రాలు వేరు గనక ఇళ్లలో గొణుగుతూనే దారికి వస్తున్నారు. సరిగ్గా అప్పుడు వంశవృక్షం తయారైంది. వీరమల్లయ్య దగ్గర్నుంచి తరాలు లెక్కపెట్టుకుంటూ వస్తే ఇద్దరిదీ అన్నాచెల్లెళ్ల వావి. గోత్రం పంతుళ్లు మారుస్తారు గాని రక్తం మారదని లెక్చరర్ వాళ్ల ఇళ్లకు ఫోను చేసి మరీ చెప్పాడట.

మా ఆవిడ మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది. పిల్ల గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు.

"తాతా, కోపానికి రావద్దు. ఒక్క మాట అడిగి పోత. వీరమల్లయ్య నిజంగ ఉండెనా?"

"గిదేం మాట బిడ్డా. ఆయన లేకుంటె మనమెక్కడికెళ్లి వచ్చినం?"

"మీ తాత చెప్పంగ నీ చెవులతోని విన్నవా?"

"విన్న."

"జర యాది చేసుకో తాతా. పెద్దోనివి. తప్పు యాదికుండచ్చు. యాది తప్పింది అని గ్రూపుల ఒక్క మాట రాయి. చాలు. మిగిలింది నేను చూసుకుంట."

మీరు గమనించారా? ఆ పిల్ల నన్ను అబద్ధాలకోరు అనలేదు. పరువుగా బయటపడే తలుపు తనే తీసి పట్టుకుంది. ముసలితనం మీదికి నెట్టేస్తే అయిపోయేది. ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. కానీ తను చేయి పెట్టింది నా జ్ఞాపకం మీద. నా సర్టిఫికెట్టు మీద.

"నా యాది తప్పది" అన్నాను.

ఆ పిల్ల గ్లాసులో నీళ్లు చివరి గుక్క దాకా తాగింది. "మంచిది తాతా" అని లేచి పోయింది. నేను తలుపు వైపు చూశాను. పిలవవచ్చు. ఇంకా గల్లీ మలుపు దాటి ఉండదు. పిలవలేదు.

తర్వాత నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాల్లో మా ఇంటిపేరువాళ్ల కలయిక జరిగింది. గోడంత ఫ్లెక్సీ మీద వంశవృక్షం. అన్నిటికన్నా పైన, కీ.శే. వీరమల్లయ్య గారు. ఆ కీ.శే. దగ్గర నా చూపు ఆగింది. బతికున్నవాడి పేరు ముందు ఒకసారి పెట్టాను. ఇప్పుడు పుట్టనివాడి పేరు ముందు పెట్టించాను. నన్ను స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పారు. భోజనాలకు ముందు పెద్దలు ఆ ఇద్దరినీ పైకి పిలిచారు. వావి తెలియక జరిగిన పొరపాటని మైకులో చెప్పి, మంజుల చేత శేఖర్‌కు రాఖీ కట్టించారు. రాఖీ పండుగ కూడా కాదది. ఎవరో ఆ దారం ముందే కొని జేబులో పెట్టుకొచ్చారు.

చప్పట్లు కొట్టారు. ముడి వేస్తూ ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది.

చేయి చాస్తే మైకు. ఎందుకు లేవలేదు? జనం కొడతారని భయమా? లెక్చరర్ ముందు మళ్లీ చదువురానివాణ్ణి అవుతాననా? లేకపోతే, సిగ్గులేకుండా చెబుతాను, ఆ శాలువా వెచ్చగా ఉంది. ఎన్నడూ ఎవరూ కప్పలేదు. వీటిలో ఏది అసలు కారణమో నేనెన్నిసార్లు తవ్వుకున్నా తేలలేదు.

ఆ తర్వాత నా బతుకంతా భయమే. కరోనా వచ్చింది, పోయింది, ఇది పోలేదు. అశోక్‌నగర్ మీదుగా పోవలసివస్తే గబగబా నడుస్తాను. హాస్టళ్ల ముందు పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ ప్రతి ఆడపిల్లా తనే అనిపిస్తుంది. ఒక పొద్దున ఏదో హాస్టల్లో ఒక పిల్ల ప్రాణం తీసుకుందని పాలవాడు చెప్పాడు. పేరు తెలిసేదాకా కుర్చీలోంచి లేవలేకపోయాను. మధ్యాహ్నానికి తెలిసింది. తను కాదు. అమ్మయ్య అనుకున్నాను. ఎవరిదో బిడ్డ చచ్చిపోతే అమ్మయ్య అనుకున్నవాడు ఇంకా మనిషేనా?

మరి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన నెల గ్రూపులో ఒకరు నన్ను అడిగారు. వీరమల్లయ్యకు విగ్రహం పెడుతున్నారట. ఆయన ముఖం ఎట్లా ఉండేదో మా తాత ఏమన్నా చెప్పాడా, శిల్పికి చెప్పాలి అని. కళ్లు మూసుకున్నాను. వచ్చింది ప్రెస్సుకు కర్రతో వచ్చిన ఆ ముసలాయన ముఖం. ఈసారి నవ్వడం లేదు. "నన్ను పుట్టిచ్చినోడు ఎవడు? జర మొఖం సూడనియ్యి" అన్నాడు.

గ్రూపులో రాశాను. వీరమల్లయ్య లేడు, నేనే పుట్టించాను అని. కాసేపటికి లెక్చరర్ ఆ మాట తీసేశాడు. తాతకు వయసు మీదపడ్డది, పట్టించుకోకండి అన్నాడు. కింద అందరూ, ఆరోగ్యం జాగ్రత్త తాతా అన్నారు. ఆ రోజు మంజుల తెరిచి పట్టుకున్న తలుపు గుర్తుందా? అదే తలుపులోంచి ఇప్పుడు నన్ను బయటికి నెట్టారు. విగ్రహం ఆగదు.

అప్పుడు మంజులకు రాశాను. గ్రూపులో ఉన్న పాత నంబరే. ఉన్నదున్నట్టు అంతా రాశాను. ఆటో వెనక మల్లన్న బొమ్మతో సహా. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. పంపించాక చాలా ఏళ్లకు ఊపిరి పొట్ట దాకా దిగింది. ఆ ఊపిరికి నాకు హక్కుందో లేదో తెలియదు. దిగిందన్నది నిజం.

చదివినట్టు నీలి గుర్తులు పడ్డాయి. జవాబు లేదు. ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగాను. మా ఆవిడ ఎవరి ఫోను కోసమని అడిగితే విసుక్కున్నాను. ఆశ వదులుకున్నాక, నిన్న వచ్చింది. ఒక్క అక్షరం మార్చకుండా పెడుతున్నాను.

"తాతా, చదివిన. నాకు పెండ్లయింది, పాప ఉన్నది. ఆయన ఇంక పెండ్లి చేసుకోలె. ఏటా రాఖీ పున్నమకు పోయి కట్టొస్త. ఆ ఒక్కనాడు మా ఇంట్ల ఎవ్వరు అడ్డం చెప్పరు. పాప ఆయనను మామా అంటది. తప్పు యాదికుండచ్చని ఆనాడే అన్న నీకు. ఇప్పుడు ఆయన నాకేం కాడని చెప్తున్నవు. మరి వచ్చే పున్నమకు ఏమని పోవాలె? అది గూడ నువ్వే చెప్పు."