నీళ్లు దూరని సూటు

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఏడాది నేను జహ్రాలో హౌస్ డ్రైవర్ని. సెలవులకు లండన్ వెళ్లిన కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, కుటుంబం అక్కడే చిక్కుకుపోవడంతో ఇంట్లో నేనూ, వంటచేసే రాయచోటి లక్ష్మక్కా మిగిలాం. విషవాయువు వదులుతారని పుకారు పుట్టాక మేం కుదురుగా ఒకచోట కూర్చోలేకపోయాం.

కఫీల్ కొడుకు చలిదేశాల్లో కయాక్ పడవ నడిపేటప్పుడు ఒళ్లు తడవకుండా తొడుక్కునే సూట్లు రెండు బీరువాలో దొరికాయి. ఏది వేసుకోవాలో తేలలేదు.

“మెడకాడ బిగుతుగా ఉండేది ఏసుకో నాయనా. నీళ్లే దూరకుంటే గాలెట్ల దూరుతాది?” అంది అక్క.

వేసుకున్నాను. వీపు మీది జిప్పు ఆమే లాగింది. నిమిషానికే చెమటతో ఉడికిపోయాను. మెడ చుట్టూ ఉన్న రబ్బరు గొంతు నులిమేస్తోంది. “తీయక్కా, చస్తాండా!” అని అరిచినా జిప్పు కదల్లేదు. అప్పుడే సోదాకని ఓ నెరిసిన మీసాల ఇరాకీ సైనికుడు తలుపు తోసుకొచ్చి, నన్ను చూసి తుపాకీ ఎత్తాడు.

“గ్యాస్‌కి, గ్యాస్‌కి!” అని వచ్చీరాని అరబ్బీలో ఏడ్చాను.

అతను తుపాకీ గోడకానించి, తనే జిప్పు లాగి సూటు విప్పించాడు. రెండు సూట్లనూ మెడ దగ్గర సాగదీసి చూసి, నేను విప్పిందే చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మెడ దగ్గర బిగుతు అంతగా చూసుకున్నాం గానీ, మొహానికి ఏ అడ్డూ లేదన్న సంగతి ఆ రోజు మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.